వెడల్పు తెర – నా బల్ల మీది ఫైలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘ కార్యదర్శి గారు ఫోను చేసి అడిగినప్పుడు, "అయ్యా, నేను రాసిన చరిత్రంతా నోట్ ఫైళ్లలోనే ఉంది, అదీ ఈపాటికి చెదలు తిని ఉంటాయి" అన్నాను. ఆయన వదల్లేదు. గత సంచికల్లో మిత్రులు పే కమిషన్ల చరిత్ర, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన చరిత్ర చక్కగా రాశారు. వాటి జోలికి నేను పోను. మన తెలుగువారు వెడల్పు తెర మీద మొట్టమొదటిసారి బొమ్మ చూసిన నాటి చరిత్ర రాస్తాను. అందులో ఒక చిన్న పేజీ నా బల్ల మీదే నడిచింది. ఆ పేజీ సంగతి యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

మనవడి కెమెరా

నాకిప్పుడు డెబ్బై అయిదో ఏడు నడుస్తోంది. 1972లో కోస్తా జిల్లాలోని ఒక జిల్లా కచేరీలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. 1980లలో బదిలీ మీద హైదరాబాదు వచ్చి, 2008లో ఇక్కడే పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాము. మేము హైదరాబాదు వచ్చిన కొత్తలో మాదాపూర్ అంటే రాళ్లు, ముళ్ల పొదలు, సీతాఫలం చెట్లు. సాయంత్రం దాటితే అటు పోవడానికి ఆటోవాడు ఒప్పుకునేవాడు కాదు. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి మేడ చుట్టూ హైటెక్ సిటీ, దాని చుట్టూ సైబరాబాద్ ఎలా పెరిగాయో మీరందరూ చూసినదే. ఇప్పుడు మా వంటింటి కిటికీలోంచి చూస్తే కంపెనీల అద్దాల మేడలు తప్ప ఆకాశం కనపడదు.

మా మనవడు ఇంజినీరింగు చదువుతున్నాడు. చదువుతున్నాడని కాలేజీవారు అంటున్నారు, నేను మాత్రం వాడి చేతిలో కెమెరా తప్ప పుస్తకం చూడలేదు. స్నేహితులతో కలిసి పదిహేను నిమిషాల చిన్న సినిమా తీస్తున్నాడు. మొన్న కార్తీక మాసంలో ఒక సాయంత్రం నన్ను దుర్గం చెరువు దగ్గరికి తీసుకెళ్లాడు. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన ఉంది కదా, దాని మీద దీపాలు వెలిగే సమయానికి బొమ్మ తీయాలట. నన్నొక రాతి మీద కూర్చోబెట్టి, కెమెరా స్టాండు బిగించి, "తాతయ్యా, ఒకసారి ఇందులో చూడు" అన్నాడు.

చూశాను. వంతెన స్తంభాలు తాటిచెట్లలా సాగిపోయాయి. చెరువు గట్టున నడిచే మనుషులు నెల రోజులు పస్తున్నట్టు సన్నగా, పొడుగ్గా ఉన్నారు.

"ఇది స్కోప్ లెన్సు కదరా!" అన్నాను.

వాడు తెల్లబోయాడు. "నీకెలా తెలుసు తాతయ్యా?"

"వెయ్యి మంది ఒక్కసారిగా లెన్సు వెయ్యరా అని అరుస్తుంటే విన్నవాణ్ణి, నాకు తెలియదా?" అన్నాను.

ఆ అరుపుల కథ తరువాత చెబుతాను. ముందు ఆ లెన్సు సంగతి.

మన కళ్లద్దాల చీటీలోనే ఉంది

సినిమాస్కోప్ లెన్సును ఇంగ్లీషులో అనమార్ఫిక్ లెన్సు అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. మనలో చాలామంది కళ్లద్దాల చీటీలో స్ఫెరికల్, సిలిండ్రికల్, యాక్సిస్ అని మూడు గడులు ఉంటాయి. స్ఫెరికల్ అంటే అన్ని దిక్కులా ఒకేలా పనిచేసే అద్దం. సిలిండ్రికల్ అంటే ఒక దిక్కున మాత్రమే పనిచేసే అద్దం. అనమార్ఫిక్ లెన్సులో ఉండేది ఈ రెండో రకమే. అది ఎత్తును ముట్టుకోదు, వెడల్పును మాత్రం సగానికి నొక్కేస్తుంది. అంటే రెండు రెట్ల వెడల్పున్న దృశ్యం మామూలు 35 మి.మీ. ఫిల్ము గడిలో ఇరుక్కుని కూర్చుంటుంది. థియేటరులో ప్రొజెక్టరు ముందు అలాంటిదే మరో లెన్సు పెడితే, నొక్కిన బొమ్మను తిరిగి రెండింతలు వెడల్పు చేసి తెర మీద పరుస్తుంది. పెట్టెలో మడిచి పెట్టిన పట్టుపంచెను పెళ్లినాడు విప్పి కట్టినట్టు.

దీన్ని తయారుచేసినవాడు సినిమావాడు కాదు. ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెటియన్. ఆయన పేరు ఉన్న రిచీ–క్రెటియన్ పద్ధతిలోనే అంతరిక్షంలో తిరిగే హబుల్ దూరదర్శిని అద్దాలను కూడా తయారుచేశారు. 1920లలోనే ఆయన హైపర్‌గోనార్ అనే పేరుతో ఈ లెన్సును చూపిస్తే సినిమావాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. పాతికేళ్లు గడిచాయి. అమెరికాలో ఇంటింటికీ టెలివిజన్ వచ్చి సినిమా హాళ్లు ఖాళీ అవుతుంటే, జనాన్ని మళ్లీ రప్పించడానికి ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ కంపెనీ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లింది. 1953 సెప్టెంబరులో న్యూయార్కులో 'ది రోబ్' అనే చిత్రం సినిమాస్కోపులో విడుదలైంది. మొదట్లో తెర వెడల్పు ఎత్తుకు 2.55 రెట్లు ఉండేది. ఫిల్ము అంచున శబ్దపు చారకు చోటివ్వవలసి వచ్చి అది 2.35కు తగ్గింది. అంతకు ముందు మనం చూసిన పాత తెర 1.37 రెట్లు మాత్రమే, దాదాపు చదరపు కిటికీలాంటిది.

మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం గురుదత్ గారి 'కాగజ్ కే ఫూల్', 1959లో వచ్చింది. ఛాయాగ్రాహకుడు మైసూరుకు చెందిన వి.కె. మూర్తి గారు. చిత్రం ఆనాడు డబ్బు చేసుకోలేదు గాని, అర్ధశతాబ్ది తరువాత అదే మూర్తి గారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. తమిళంలో మొదటిది 1973 నాటి 'రాజరాజ చోళన్'. మన తెలుగులో మొదటిది, 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు'.

ఆ సినిమా గురించి మన వయసువారికి కొత్తగా చెప్పేదేముంది! అది హీరో కృష్ణ గారి నూరవ చిత్రం. సీతారామరాజు గారు 1924 మే 7న వీరమరణం పొందారు, అంటే చిత్రం వచ్చేనాటికి సరిగ్గా యాభై ఏళ్లు. దర్శకుడు వి. రామచంద్రరావు గారు నిర్మాణం మధ్యలోనే కన్నుమూశారు. పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్. దాస్ గారు తీయగా, మిగిలింది కృష్ణ గారే పూర్తిచేశారు. శ్రీశ్రీ గారి పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఇవన్నీ అందరికీ గుర్తే. కాని ఆ మన్యం కొండలను అంత వెడల్పున మనకు చూపించిన ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి గారి పేరు ఎందరికి గుర్తుంది? పదేళ్లు దాటాక, 1986లో, తెలుగులో తొలి 70 మి.మీ. చిత్రం 'సింహాసనం' తీసింది కూడా కృష్ణ గారే.

టెలికన్వర్టరు అనే గుణకారం

మళ్లీ దుర్గం చెరువు గట్టుకు వస్తాను. మావాడు కెమెరాకూ లెన్సుకూ మధ్య ఇంకో పొట్టి గొట్టం బిగించాడు. "ఇదేమిట్రా?" అంటే "టెలికన్వర్టర్ తాతయ్యా" అన్నాడు. వాడి దగ్గరున్న స్కోప్ లెన్సు 50 మి.మీ. ఒక్కటే, అదీ స్నేహితుడిది. ఆవలి గట్టున ఉన్న మనిషి ముఖం దగ్గరగా కనపడాలంటే 100 మి.మీ. లెన్సు కావాలి. అద్దెకు తెద్దామంటే వాళ్ల సినిమా బడ్జెటంతా దానికే చాలదు. ఈ రెండు రెట్ల కన్వర్టరు మధ్యలో పెడితే 50 కాస్తా 100 అవుతుంది.

దీని మూలపురుషుడూ ఆకాశం చూసే పనిలోవాడే కావడం విశేషం. 1830లలో పీటర్ బార్లో అనే ఆంగ్లేయ గణిత శాస్త్రజ్ఞుడు దూరదర్శిని గొట్టంలో ఒక పుటాకార కటకం చేర్చి, దాని శక్తిని పెంచే ఉపాయం చూపించాడు. దగ్గరికి చేరబోతున్న కాంతి కిరణాలను ఆ కటకం కొంచెం విడదీస్తుంది. అందువల్ల అవి మరింత దూరాన కలుస్తాయి, బొమ్మ పెద్దదవుతుంది. ఈనాటి టెలికన్వర్టరు ఆ బార్లో కటకానికి మునిమనవడు.

నాకొక అనుమానం వచ్చింది. "ఒరే, ముందున్న లెన్సు వెడల్పును సగానికి నొక్కుతోంది. వెనకున్నది బొమ్మను రెండింతలు చేస్తోంది. రెండూ కలిస్తే ఆ నొక్కుడు పోదూ?" అన్నాను.

"పోదు తాతయ్యా, రెండు పక్కలా సమానంగా పెంచుతుంది" అన్నాడు.

అప్పుడు నాకు మన భాషలో అర్థమైంది. పే కమిషన్‌వారు అటెండరుకూ ఆఫీసరుకూ ఒకే శాతం ఫిట్‌మెంట్ ఇస్తే ఇద్దరి జీతాలూ పెరుగుతాయి గాని, వారి మధ్య నిష్పత్తి మారదు కదా! అలాగే టెలికన్వర్టరు ఎత్తునూ వెడల్పునూ ఒకే లెక్కన పెంచుతుంది. ముందున్న లెన్సు రెండు రెట్లు నొక్కితే ఆ రెండు రెట్లు అలాగే ఉంటాయి. వెనకాల మసకలో కనపడే దీపాలు కోడిగుడ్ల ఆకారంలో ఉంటాయే, స్కోప్ లెన్సు గుర్తు, అదీ చెక్కుచెదరదు.

అయితే ఊరికే వచ్చే లాభం ఏదీ లేదు. రెండు రెట్లు పెంచితే, అంతకు ముందు ఒక గడిలో పడే వెలుతురు నాలుగు గడులకు పంచాలి. నాలుగో వంతే మిగులుతుంది. 1.4 రెట్ల కన్వర్టరైతే సగం మిగులుతుంది. చీకటి పడుతుంటే మావాడు కంగారుపడ్డది అందుకే. ఇంకొక చిక్కు ఏమిటంటే, కన్వర్టరు బొమ్మతో పాటు లెన్సులో ఉన్న దోషాలను కూడా పెంచి చూపిస్తుంది. అంచుల్లో ఉన్న మసక, రంగుల జీర అన్నీ పెద్దవవుతాయి. స్కోప్ లెన్సుల్లో ఆ దోషాలు సహజంగానే కొంచెం ఎక్కువ. అందువల్ల మంచి లెన్సుకే కన్వర్టరు పెట్టాలి, లెన్సు రంధ్రాన్ని కొంచెం మూసి వాడుకోవాలి. వెనక అద్దం బయటికి పొడుచుకొచ్చిన లెన్సులకైతే అది పెట్టనే కూడదు, గాజుకు గాజు తగిలి గీతలు పడతాయి.

లాభాలూ లేకపోలేదు. లెన్సు ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపగలదో ఆ దూరం మారదు గనుక, అదే దూరం నుంచి ముఖాన్ని రెండింతలు పెద్దగా తీయవచ్చు. చిన్న గడి కోసం తయారైన పాత లెన్సు, ఈనాటి పెద్ద సెన్సరు కెమెరాలో పెడితే నాలుగు మూలలా నలుపు పడుతుంది. కన్వర్టరు ఆ వెలుగు వలయాన్ని కూడా పెద్దది చేసి మూలలను నింపుతుంది.

1974 – ఒక చిన్న టౌను థియేటరు

ఇక నా ఫైలు సంగతి.

1974లో మా సెక్షనులో సినిమా లైసెన్సుల సీటు నాది. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనలు నాకు కంఠోపాఠం. లైసెన్సున్న హాలులో ఏ మార్పు చేయాలన్నా ముందుగా కచేరీ అనుమతి ఉండాలి. జనం ప్రాణాలకు సంబంధించిన విషయం కనుక నిబంధన మంచిదే. దానిని వాడిన చెయ్యి మంచిది కాకపోవడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

ఆ సెప్టెంబరులో ఒక తాలూకా టౌను నుంచి ఒక థియేటరు యజమాని దరఖాస్తు వచ్చింది. 'అల్లూరి సీతారామరాజు' బాక్సు నవంబరులో వారికి ఒప్పందమైంది. స్కోప్ లెన్సు కొన్నారు, దానికి తగిన ప్రొజెక్టరు లెన్సూ తెచ్చారు. తెర వెడల్పు చేయడానికి వేదిక రెండు పక్కల ఉన్న చెక్క అడ్డుగోడలు తీయాలి, అనుమతి ఇప్పించండి అని దరఖాస్తు. ప్లాను మూడు ప్రతులు జతచేయవలసి ఉండగా రెండే ఉన్నాయి.

ఆ లోటు నేను మొదటి రోజే గమనించాను. ఆనాడే రెండు వాక్యాల మెమో పంపితే మూడో నాటికి ప్రతి వచ్చేది. పంపలేదు. ఎందుకంటే, అంతకు వారం ముందు ఆ యజమాని కచేరీకి వచ్చి, పదిమందిలో నన్ను "ఏమయ్యా గుమాస్తా" అని పిలిచాడు. నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్త ఉద్యోగం, కొత్త ప్యాంటు, కొత్త పౌరుషం. లంచం ఆశించానని ఎవరూ అనుకోవద్దు, ఆ పాపం నేను ఎరగను. ఫైలును కట్ట కింద పెట్టి, "ఉండనీ" అనుకున్నాను. అంతే. ఇరవై నాలుగు రోజులు ఉంది. ఆ తరువాత ప్లాను ప్రతి తక్కువైందని రాసి వాపసు పంపాను. రూలు ప్రకారం నా నోటులో ఒక్క తప్పు లేదు. సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు కూడా.

నవంబరులో ఆ టౌనులో మా మేనమామ గారింట్లో శుభకార్యానికి వెళ్లాను. రాత్రి మొదటి ఆటకు బావమరుదులు లాక్కెళ్లారు. హాలు కిటకిటలాడుతోంది. బండ్లు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. ముందుగా ఫిల్మ్స్ డివిజన్‌వారి వార్తాచిత్రం. అది మామూలు బొమ్మ, సరిగ్గానే వచ్చింది. తరువాత అసలు సినిమా మొదలైంది. పేర్లు, మనుషులు అందరూ సన్నగా సాగిపోయి వచ్చారు. జనం "లెన్సు! లెన్సు!" అని అరిచారు. ఆపరేటరు స్కోప్ లెన్సును ముందుకు తిప్పాడు. బొమ్మ ఒక్కసారిగా రెండు వైపులా విచ్చుకుంది. హాలంతా హా అంది. మరుక్షణం నవ్వింది.

తెర పదహారున్నర అడుగులు. బొమ్మ ఇరవై తొమ్మిది అడుగులు. అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు నీలం సున్నం కొట్టిన అడ్డుగోడల మీద పడింది. గోడ మీద 'పొగ త్రాగరాదు' అన్న అక్షరాలు మన్యం కొండల మధ్య కనపడుతున్నాయి. ఒక మూల నుంచి గుర్రం బయలుదేరితే అది నీలంగా బయలుదేరి, తెర మీద తన రంగుకొచ్చి, అవతలి గోడ మీద మళ్లీ నీలమయ్యేది. మొదట్లో నవ్వినవాళ్లు కాసేపటికి నవ్వడం మానేశారు. చివర్లో రాజు గారిని చెట్టుకు కట్టిన ఘట్టంలో తుపాకులు పట్టిన సిపాయిలు ఆ గోడ మీదే నిలబడ్డారు. నా పక్కనున్న ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "పాపం, తెరకు కూడా గతిలేని ఊరు" అన్నాడు.

ఆట అయ్యాక బావమరిది నన్ను ప్రొజెక్టరు గదికి తీసుకెళ్లాడు, ఆపరేటరు వాడికి తెలిసినవాడు. అందరూ ఆయన్ను మాస్టారు అనేవారు. యాభై ఏళ్లుంటాయి. కార్బన్ కడ్డీల వేడికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. మేము అడగకుండానే సంజాయిషీ చెప్పుకున్నాడు. "దూరం తొంభై అడుగులు బాబూ. పాత లెన్సు నాలుగున్నర అంగుళాలు, దానితో స్కోప్ వేస్తే ముప్పై మూడడుగులు పోతుంది. కొత్తది అయిదుంబావు, దానితో ఇరవై తొమ్మిది. ఈ పాత తెరలో పట్టాలంటే తొమ్మిది అంగుళాల లెన్సు కావాలి. విజయవాడ, మద్రాసు అన్నీ తిరిగాను, దొరకలేదు. తెర పెంచుదామంటే కచేరీలో కాయితం ఆగిపోయింది. నా సర్వీసులో ఇంత పెద్ద బొమ్మ పడటం ఇదే మొదలు. అది ఇలా పడింది" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ కచేరీ గుమాస్తాను నేనేనని నోరు తెరిచి చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

సోమవారం కచేరీకి వెళ్లగానే ఆ ఫైలు నంబరు తీసి, మూడో ప్రతి నేనే ట్రేసింగు కాగితం మీద గీయించి, ఇంజినీరింగు శాఖ రిమార్కులకు స్వయంగా తిరిగి, తొమ్మిది రోజుల్లో అనుమతి ఇప్పించాను. అప్పటికి బాక్సు వేరే ఊరు వెళ్లిపోయింది. మరుసటి ఏడాది అక్కడ తెర పెంచారు. ఎన్నో స్కోప్ బొమ్మలు ఆడాయి. కాని ఆ రాత్రి బండ్లు కట్టుకుని వచ్చినవారికి ఆ మొదటి బొమ్మను ఎవరు తిరిగి ఇవ్వగలరు?

ఆ తరువాత ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నా బల్ల మీద ఏ ఫైలూ మూడు రోజులు దాటి నిద్రపోలేదు. అది నా గొప్పతనం కాదు, ఆ నీలం గోడ చలవ.

గట్టు మీద లెక్క

ఇదంతా ఆ సాయంత్రం చెరువు గట్టున మావాడికి చెప్పాను. వాడు వంతెన దీపాల సంగతి మరిచిపోయి, సెల్‌ఫోనులో లెక్క వేశాడు.

"తాతయ్యా, తమాషా చూశావా? ప్రొజెక్టరులో ఫోకల్ లెంగ్త్ పెరిగితే బొమ్మ చిన్నదవుతుంది, కెమెరాకు తలకిందులు. ఆ మాస్టారి దగ్గర ఇలాంటి రెండు రెట్ల కన్వర్టరు లాంటిదొకటి ఉంటే, నాలుగున్నర కాస్తా తొమ్మిది అంగుళాలయ్యేది. బొమ్మ సరిగ్గా తెరలో పట్టేది."

"ఎత్తు?" అన్నాను.

మళ్లీ నొక్కాడు. "ఏడడుగులు. కొంచెం పొట్టిగానే ఉండేది. కాని గోడ మీద పడేది కాదు."

నేను నవ్వాను. ఏడడుగుల ఎత్తు! పన్నెండడుగుల తెరలో అయిదడుగులు నలుపు. మాస్టారు దానికి కూడా సంతోషించేవాడేమో.

వాడు కాసేపు ఊరుకుని, "మరి ఆయనకు చెప్పలేదా తాతయ్యా, ఎప్పటికీ?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నన్ను ఏ ఆడిటరూ అడగలేదు.

చెప్పలేదు. బదిలీలు, పిల్లల చదువులు, హైదరాబాదు. 1990లలో ఒకసారి ఆ ఊరు వెళ్తే థియేటరు మూతపడి ఉంది. ఇప్పుడక్కడ కల్యాణ మండపం. మాస్టారు పోయారని, పెద్దకొడుకు ప్రభుత్వోద్యోగంలో చేరాడని చెప్పారు. చిరునామా అడిగి తెలుసుకునే ధైర్యం చేయలేదు.

ఇప్పటి తెర

ఈ మధ్య మావాడు నన్ను మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఎ.ఎమ్.బి. సినిమాస్‌కు తీసుకెళ్లాడు. 2018 డిసెంబరులో తెరిచిన ఆ హాళ్లలో కృష్ణ గారి కుమారుడు మహేశ్‌బాబు గారు భాగస్వామి. తండ్రి తెలుగు తెరను మొదటిసారి వెడల్పు చేశారు. కొడుకు పేరున్న హాలు, అప్పటి ముళ్ల పొదల నేల మీద వెలిసింది. కృష్ణ గారు 2022 నవంబరు 15న స్వర్గస్థులయ్యారు.

బొమ్మ అంచు నుంచి అంచు దాకా కత్తితో కోసినట్టు పడింది. ఒక్క అంగుళం గోడ మీదికి పోలేదు. ఇప్పుడు హాళ్లలో ఫిల్ము లేదు, డిజిటల్ దస్త్రం వస్తుంది. బొమ్మను నొక్కడం, విప్పడం కూడా అవసరం లేదు. అడ్డంగా 4096, నిలువుగా 1716 చుక్కలతో వెడల్పు ఆకారంలోనే వస్తుంది. స్కోప్ అనే పేరు, ఆ ఆకారం మిగిలాయి. హాలులో ఆ లెన్సు పోయింది. కెమెరా దగ్గర మాత్రం, ఆ కోడిగుడ్డు దీపాల అందం కోసం, మా మనవడి వంటివాళ్లు ఇంకా దానిని వెతుక్కుంటున్నారు. ఆట అయ్యాక వెనక్కి తిరిగి చూశాను. ప్రొజెక్టరు గది చిన్న కిటికీలో వెలుతురు ఆరిపోయింది. లోపల మనిషి ఉన్న అలికిడి లేదు.

మిత్రులారా, ఈ వ్యాసం చరిత్ర కోసం మొదలుపెట్టాను గాని, నిజానికి ఒక మెమో పంపడానికి ముగిస్తున్నాను. యాభై ఏళ్ల కిందట పంపవలసిన రెండు వాక్యాల మెమో అది. మన పత్రిక అన్ని జిల్లాల పెన్షనర్ల ఇళ్లకూ వెళ్తుంది. మాస్టారి పెద్దకొడుకు ప్రభుత్వోద్యోగే గనుక ఈపాటికి మనలాగే పెన్షనరై ఉంటారు. తన తండ్రి ఒక కోస్తా టౌను థియేటరులో ఆపరేటరుగా ఉండేవారని, 1974 నవంబరులో అల్లూరి బొమ్మ నీలం గోడల మీద పడిన రాత్రి మనసు కష్టపెట్టుకుని ఇంటికి వచ్చారని ఎవరికైనా గుర్తుంటే, దయచేసి వారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ తప్పు వారి నాన్నగారిది కాదు. లెన్సుదీ కాదు. ఆ కాయితం నా బల్ల మీద ఉంది.

కార్యదర్శి గారి ద్వారా ఒక ఉత్తరం ముక్క రాస్తే, ఏ జిల్లాలో ఉన్నా నేనే స్వయంగా వచ్చి కలుసుకుంటాను. మా మనవడు తన చిన్న సినిమా తీసుకుని నాతో వస్తానంటున్నాడు. దానిని గోడ మీద కాకుండా మంచి తెర మీదే వేసి చూపిస్తాడట.